ప్రిపరేషన్ రోజుల్లో హాస్టల్ గది, తాళం కప్ప, సర్టిఫికెట్లు

పోటీ పరీక్షల ప్రిపరేషన్ అనుభవాలు అనగానే అందరూ పుస్తకాల లిస్టు అడుగుతారు. అది చాలామంది రాశారు కాబట్టి నేను హాస్టల్ గదిలో దొంగతనం జరగకుండా చూసుకోవడం గురించి రాస్తాను. మా ఫ్లోర్‌లో ఒకతని ల్యాప్‌టాప్ పోయింది. ఇంకోటి కొనుక్కున్నాడు గానీ, అందులో ఉన్న నోట్సు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది.

తాళం ఎవరూ పగలగొట్టలేదు. స్నానానికి వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడంతే. దొంగతనానికి వచ్చేవాడు వరండాలో ఒక్కో తలుపూ నెట్టుకుంటూ పోతాడు. లోపల ఎవరైనా ఉంటే "ఫలానా అతని గది ఇదేనా?" అని అడిగి జారుకుంటాడు. చేతిలో పుస్తకం ఉంటే వాచ్‌మన్ కూడా ఆపడు. గేటు దగ్గర మీ వెనకే లోపలికి వచ్చే కొత్తవాళ్ళని "ఎవరి కోసం?" అని అడగడానికి మొహమాటపడకండి. నిజంగా ఫ్రెండ్ కోసం వచ్చినవాడు పేరు చెబుతాడు.

ఖరీదైన తాళం కప్ప కొంటాం, గొళ్ళెం మాత్రం చూడం. తాళం వేశాక గొళ్ళెం స్క్రూలు బయటికి కనిపిస్తుంటే, స్క్రూడ్రైవర్ ఉన్నవాడికి తాళంతో పనే లేదు. స్క్రూలను కప్పేస్తూ పట్టీ పడే రకం బిగించుకోండి. తాళం కూడా కొత్తది వేయండి, పాతదానికి ఎన్ని తాళంచెవులున్నాయో ఎవరికి తెలుసు! షూలో దాచిన తాళంచెవి సంగతి మాత్రం ఫ్లోర్ అంతటికీ తెలుసు. రాత్రిపూట లోపల గడియ చాలు, తాళం వద్దు. మంటలొస్తే చీకట్లో తాళంచెవి వెతుక్కోవాలి.

ఫోన్‌లో *#06# నొక్కితే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు నంబర్లు. కాగితం మీద రాసుకోండి, స్క్రీన్‌షాట్ అయితే ఫోన్‌తోపాటే పోతుంది. సిమ్‌కీ పిన్ పెట్టండి. లేకపోతే దొంగ మీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు, మీ ఓటీపీలు వాడికే వెళ్తాయి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ తీసే పీయూకే కోడ్ అడుగుతుంది, అది ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోండి.

నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదమైనది పరీక్ష రోజే. తేదీ అందరికీ తెలుసు, ఫ్లోర్ ఒకేసారి ఖాళీ అవుతుంది, సెంటర్‌లోకి రానివ్వరని ఫోన్లన్నీ గదుల్లోనే ఉంటాయి. మేం ఆ పూట పరీక్ష లేనివాళ్ళెవరో ముందురోజే కనుక్కుని, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాళ్ళ బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. వెళ్తున్నట్టు స్టేటస్ పెట్టడం దేనికో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి పిలిచేదాకా ఇంట్లోనే ఉంచండి, గదిలో జిరాక్సులు చాలు. నోట్సు ఫొటోలు, స్కాన్లు ఆన్‌లైన్‌లో ఇంకోచోట కూడా ఉండాలి.

ఒకవేళ ఏదైనా పోతే రూమ్మేట్ బ్యాగు వెతకడంతో మొదలుపెట్టకండి. ముందు వేరే ఫోన్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, పాత పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ చేయండి. తర్వాత సిమ్ బ్లాక్ చేయించి, ఐఎంఈఐ రాసుకున్న కాగితం తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.