పాత వీ8 ఇంజిన్‌లో దొంగగాలి జాడ తీసిన వైనం

కార్బురేటర్‌తో (గాలిలో పెట్రోలు కలిపే పరికరంతో) నడిచే నా పాత వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్‌లో రెండు లోపాలు ఒకేసారి బయటపడ్డాయి. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలిచి ఉండి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, వేగం నిలకడగా ఉండేది కాదు. భారం మీద నడిచాక వాల్వ్ కవర్ల అంచుల వెంట ఆయిల్ చెమర్చేది. మొదటిది కార్బురేటర్ దారిన కాక చొరబడే అదనపు గాలికి, అంటే దొంగగాలికి, రెండవది క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గదిలో) పెరిగిన ఒత్తిడికి సూచన. ఈ రెండింటినీ కలిపి చూడాలన్నది నా అభిప్రాయం. ఎందుకంటే పిస్టన్ రింగులను దాటి కిందికి జారిన వాయువులను మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలిని, పెట్రోలును చేర్చే గొట్టాల్లోకి) లాగి మండించే పీసీవీ వాల్వ్ కూడా, నిజానికి, కొలిచి పెట్టిన వాక్యూమ్ లీకే, అంటే మానిఫోల్డ్ పీల్పుకు కొలత ప్రకారం వదిలిన దారే.

ముందుగా మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ (లోపలి పీల్పు బలాన్ని ముల్లుతో చూపే సాధనం) తగిలించాను. సముద్రమట్టానికి దగ్గరలో మామూలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపాలి. నాది 14 దగ్గర కదలకుండా నిలిచింది. ముల్లు లయగా కొట్టుకుంటే వాల్వ్‌లను అనుమానించాలి గాని, కదలక తక్కువలో నిలిచిందంటే సాధారణంగా టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) వెనకబడినా ఉండాలి, గాలి లీకైనా కావాలి. టైమింగ్ సరిగానే ఉంది.

ఇంజిన్ నడుస్తుండగా పీసీవీ వాల్వ్‌ను ఊడదీసి మూతిపై బొటనవేలు పెట్టాను. వేలిని గట్టిగా పీల్చాలి, ఇంజిన్ వేగం కొంత తగ్గాలి, రెండూ జరగలేదు. మడ్డి పట్టి లోపలి ప్లంజర్ (ముందుకూ వెనక్కూ కదిలే ముక్క) దారిని మూసిన స్థితిలోనే బిగుసుకుపోయింది. ఊపితే గలగలలాడే వాల్వ్ బాగున్నట్టేనని చాలామంది అంటారు, కానీ ఆ చప్పుడు ప్లంజర్ కదులుతోందని మాత్రమే చెబుతుంది. స్ప్రింగు బలాన్ని గాని, ఆ వాల్వ్ ఈ ఇంజిన్ కొలతదేనా అన్నది గాని చెప్పదు. ఈ ఇంజిన్‌కు నిర్దేశించిన నంబరు వాల్వ్‌నే వేసి, క్రాంక్‌కేస్‌లోకి గాలి వచ్చే, పూడుకుపోయిన బ్రీదర్ గొట్టాన్ని కూడా శుభ్రం చేశాక ఆయిల్ చెమర్చడం ఆగింది. ఐడ్లింగ్ మాత్రం మారలేదు.

తర్వాత వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి చూశాను. బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో బ్రేకుకు బలమిచ్చే పరికరం) గొట్టం నొక్కగానే ముల్లు 16కు లేచింది. చెక్ వాల్వ్ దగ్గర, మలుపు అడుగున రబ్బరు బీటలువారి ఉంది. దాన్ని మార్చాక కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్టునూ (అతుకు మధ్య గాలి చొరకుండా వేసే పొరనూ), థ్రాటిల్ షాఫ్ట్ చివరలనూ, మానిఫోల్డ్ అతుకులనూ ప్రొపేన్ గొట్టంతో పరీక్షించాను; లీకున్న చోట ఆ వాయువు లోపలికి పోయి ఇంజిన్ వేగం మారుతుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లడం సులువే గాని, వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది. ప్రొపేన్‌తో ఎక్కడా వేగం మారలేదు.

ప్లగ్గులు విప్పితే పక్కపక్క సిలిండర్లవి రెండు ఆయిల్‌తో తడిసి ఉన్నాయి. ఈ ఇంజిన్‌లో మానిఫోల్డ్ అడుగు భాగం లిఫ్టర్ల (వాల్వ్‌లను కదిలించే ముక్కల) లోయలోకి, అంటే రెండు సిలిండర్ల వరసల మధ్య క్రాంక్‌కేస్‌తో కలిసిన ఖాళీలోకి ఉంటుంది. అక్కడ గ్యాస్కెట్ చెడితే గాలి బయటి నుంచి కాక క్రాంక్‌కేస్ నుంచే, ఆయిల్ తుంపరలతో సహా పోర్టుల్లోకి (సిలిండర్లలోకి వెళ్లే దారుల్లోకి) పోతుంది. అలాంటి లీకు బయటి పరీక్షలకు చిక్కదు. అందుకని పీసీవీ గొట్టాన్ని, బ్రీదర్‌ను, డిప్‌స్టిక్ గొట్టాన్ని మూసి, ఆయిల్ పోసే రంధ్రంపై కాగితం పెట్టాను. లీకు లేకపోతే రింగుల నుంచి వచ్చే వాయువులు కాగితాన్ని పైకి లేపాలి. ఇక్కడ అది రంధ్రానికి అతుక్కుపోయింది.

మానిఫోల్డ్ ఎత్తి చూస్తే, ఆ రెండు పోర్టుల అడుగున గ్యాస్కెట్ నాని చిట్లి ఉంది. రెండు ముఖాలనూ శుభ్రం చేసి, కొత్తది వేసి, మాన్యువల్‌లో చెప్పిన వరుసలోనే బోల్టులను దఫదఫాలుగా బిగించాను. ఇప్పుడు ముల్లు 19 దగ్గర నిలుస్తోంది. అంతవరకు కావాలనే ముట్టుకోని మిక్స్చర్ స్క్రూలను (ఐడ్లింగ్‌లో గాలి-పెట్రోలు పాళ్లను మార్చేవాటిని), కొత్త పీసీవీ వాల్వ్ పంపే గాలికి సరిపడేలా, చివరగా సరిచేశాను.