నంజుకోవడం తెలిసిన ఊరు

దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌలో ఉన్న నాలుగు రోజులూ పొద్దున్నే హోటల్లో పెట్టిన తెల్లటి గంజి నాకు విసుగు పుట్టించింది. మెతుకు ఆనవాలు లేకుండా కరిగిపోయిన ఆ గంజిలో ఉప్పు కూడా ఉండేది కాదు. అందుకే అదే రాష్ట్రంలో సముద్రతీరాన ఉన్న షాన్‌టౌలో జనం రాత్రి పది దాటాక గంజి తాగడానికే బయలుదేరతారని విన్నప్పుడు నాకు పెద్దగా ఉత్సాహం కలగలేదు.

షాన్‌టౌ చేరిన రాత్రి ఒక గంజి కొట్టు ముందు పొడవాటి బల్ల మీద యాభైకి తక్కువ కాకుండా పళ్లేలు పరిచి ఉన్నాయి. ఉప్పులో ఊరిన ఆవ ఆకు, ఆ దేశపు ఆలివ్ కాయలతో కలిపి నూనెలో గంటల తరబడి నల్లగా మగ్గించిన ఆకుపచ్చడి, వేయించిన వేరుశనగ గుళ్లు, సగానికి కోసిన ఉప్పు బాతుగుడ్లు, ఉప్పునీటిలో బుట్టతో సహా ఉడికించి చల్లార్చిన చేపలు. ఈ చేపలను వాళ్లు ‘చేప అన్నం’ అంటారు. బియ్యం కొరతగా ఉన్న రోజుల్లో బెస్తవాళ్లు అన్నానికి బదులు వీటినే తినేవారట. ఈ పళ్లేలన్నిటికీ కలిపి ‘జాషియెన్’ అని పేరు. రకరకాల ఉప్పనివి అని దాని అర్థం.

ఇక్కడి గంజి వేరు. పెద్ద మంట మీద ఉడికించి, గింజ విచ్చుకోగానే దించేస్తారు కనుక మెతుకులు అడుగుకు చేరి, పైన చిక్కటి తేట నిలుస్తుంది. నేను ఎండు ముల్లంగి ముక్కలను చెంచాతో కూరలా తినడం మొదలుపెట్టి, ఆ ఉప్పుకు నోరు మండి ఆగిపోయాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన అది గమనించి, తన పుల్లలతో గోరంత ముల్లంగి ముక్కను తీసి, దాన్ని కొసన కొరికి, వెంటనే గిన్నె ఎత్తి రెండు గుక్కలు గంజి తాగి, మిగిలిన ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టి నా వైపు చూశారు.

మా నాయనమ్మ చేసింది కూడా అదే. ఎండాకాలం చద్దన్నంలో మజ్జిగ పోసి, అంచున మాగాయ టెంక ఒకటి పెట్టి, “కూరలా కలిపేసుకోకురా, నంజుకో” అనేది. ఒక్క టెంక పళ్లెం నిండా అన్నానికి సరిపోయేది. ఆయన చూపించిన పద్ధతికి మన భాషలో పేరు ఉందని అప్పుడు నాకు తట్టింది. తర్వాత చేప తోలు ఒలిచి, తెల్లటి కండను పూనింగ్ అనే దగ్గరి ఊరి పేరుతో పిలిచే సోయా ముద్దలో అద్దుకుని ఒక్కొక్క పోగే తిన్నాను. చల్లటి చేప, ఉప్పటి ముద్ద, వెనకే వెచ్చటి గంజి. మూడు గిన్నెలు పూర్తయ్యాయి.

లెక్క చూస్తే మాత్రం కష్టం వేసింది. గంజి గిన్నె రెండు యువాన్లే అయినా, ధర రాయని ఆ ఒక్క చేపకే 60 తీసుకున్నారు; మొత్తం 118, అంటే దాదాపు 1,400 రూపాయలు. కావలసినదాన్ని వేలితో చూపించే ముందు ధర అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు. మరుసటి రాత్రి మళ్లీ అక్కడికే వెళ్లి ముల్లంగి, ఆలివ్ పచ్చడి, వేరుశనగ గుళ్లు మాత్రమే తీసుకున్నాను. మూడు పళ్లేలూ, రెండు గిన్నెల గంజీ కలిపి 22 యువాన్లు అయ్యాయి, పళ్లేల్లో ఇంకా సగం మిగిలే ఉంది.