డిలీట్ చేసే ముందు ఒక్కసారి ఎల్‌ఎస్ కొట్టండి

లినక్స్, మ్యాక్‌లలో కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో, ఫైళ్లను తీసేసే ఆర్‌ఎం (rm) కమాండ్ కొడితే ఫైల్ ట్రాష్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. అందుకే స్టార్ గుర్తుతో (*, అంటే ఆ చోట ఏ పేరైనా సరే) ఏదైనా తీసేయాలంటే ముందు అదే ప్యాటర్న్‌ని ఫైళ్ల పేర్లు చూపించే ఎల్‌ఎస్ (ls) కమాండ్‌కి ఇచ్చి, ఏయే పేర్లు వస్తున్నాయో కళ్లారా చూసుకుని, ఆ తర్వాతే పై బాణం కీ నొక్కి, అదే కమాండ్‌ని వెనక్కి తెచ్చుకుని, ఎల్‌ఎస్ తీసేసి ఆర్‌ఎం పెడతాను. ఒకసారి *.log అని కొట్టబోయి స్టార్‌కీ డాట్ లాగ్‌కీ మధ్య పొరపాటున స్పేస్ పడింది, స్టార్ విడిగా నిలిచి ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ పోయాయి. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఫైళ్లను జరిపే ఎంవీ (mv), కాపీ చేసే సీపీ (cp) కమాండ్లకు హైఫన్ ఐ (-i) తగిలిస్తే అదే పేరుతో ఫైల్ ఉన్నప్పుడు అడిగి మరీ దాని మీద రాస్తాయి. ఇక నాకు బాగా ఇష్టమైనది ఫోల్డర్ మారడానికి వాడే సీడీ (cd), స్పేస్, హైఫన్. ఇందాక ఉన్న డైరెక్టరీకి (ఫోల్డర్‌కి) టక్కున తీసుకెళ్తుంది, పొడవాటి పాత్ మళ్లీ టైప్ చేసే పనే ఉండదు.