మోదుగుల కోసం వెళితే ఇప్పపూలు ఆపాయి

ఫాల్గుణంలో ఆదిలాబాదు దారి పట్టినవారికి మోదుగు చెట్టును ఎవరూ వేలు పెట్టి చూపించనవసరం లేదు. నిర్మల్ దాటి గుట్టలు మొదలయ్యేసరికి టేకు అడవి ఆకు రాల్చి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది; దాని మధ్య ఒక్క ఆకైనా లేని వంకర కొమ్మల నిండా నారింజ ఎరుపు పూలతో మోదుగులు తామే కనిపిస్తాయి. కనిపిస్తాయి గాని చూడనివ్వరన్నదే నా మొదటి ఫిర్యాదు. ఏసీ బస్సు అద్దాలకు నల్ల కాగితం అంటించి, పరదాలు దించి, టీవీలో సినిమా పెట్టి, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తిస్తుంటే, పరదా తొలగించి తొంగిచూసిన నన్ను పక్క సీటాయన ఎండ పడుతోందని విసుక్కున్నాడు. ఆదిలాబాదులో దిగి కారు మాట్లాడుకుందామంటే, ఉట్నూరు వెళ్ళి రావడానికి 4,500 రూపాయలు అడిగారు. దారిలో చెట్ల దగ్గర ఆగితే గంటకింత అదనమట. చెట్టును చూడటానికి వెయిటింగ్ చార్జీ కట్టడం మనసొప్పక వెనక్కి గుడిహత్నూరు వచ్చి, ఉట్నూరు వెళ్ళే మామూలు బస్సెక్కాను.

ఆ ప్రయాణమే బాగుంది. పిలిచిన ప్రతి చోటా ఆగే బస్సు కాబట్టి, పత్తి ఏరడం అయిపోయి ఎండిన కట్టె మిగిలిన చేలను, వాటి గట్ల మీద నిలిచిన మోదుగులను, దూరాన గుట్ట వాలులో పసుపుపచ్చగా పూసిన ఒకటి రెండు కొండగోగులను కిటికీలోంచి తీరికగా చూడగలిగాను. చదువు లేని అందగాడిని వాసన లేని మోదుగు పువ్వుతో పోల్చే సంస్కృత శ్లోకం ఒకటి బడిలో మాచేత వల్లె వేయించారు. ఆ పోలిక చెట్టుకు అన్యాయం చేసిందని ఇంద్రవెల్లి సమీపంలో బస్సు ఆగినప్పుడు నాకు గట్టిగా అనిపించింది. రోడ్డు పక్క మోదుగు మీద గోరువంకలు గోల చేస్తున్నాయి, తేనెపిట్టలు పువ్వు పువ్వుకూ ముక్కు పెడుతున్నాయి. పిట్టలు పువ్వును వాసన పట్టి వెతుక్కోవు, రంగు చూసి వస్తాయి. అందుకే చెట్టు ముందుగా ఆకులన్నీ రాల్చి, అడ్డం లేకుండా చేసుకుని, అప్పుడు పూస్తుంది. వాసనతో దానికి పనేముంది? ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండం, హోమంలో వేసే సమిధ, అన్నం వడ్డించే విస్తరాకు, హోలీకి మరిగించి తీసే రంగునీళ్ళు, ఇవన్నీ ఇచ్చే చెట్టును వాసన లేదని తక్కువ చేయడం మనుషులకే చెల్లింది.

ఇంతలో ఒక పెద్దావిడ వెదురు గంప ఎత్తుకుని బస్సెక్కి, ఆ గంపను సరిగ్గా నా కాళ్ళ దగ్గర దించింది. పాత బట్ట కప్పి ఉన్నా దానిలోంచి వచ్చిన తియ్యని, బరువైన, కొంచెం పులిసిన వాసన బస్సంతా నిండింది. కొందరు వెనక్కి తిరిగి నవ్వారు, ఒకరు ముక్కు మూసుకున్నారు. ఏమిటని అడిగితే బట్ట తొలగించి ఇప్పపూలు చూపించింది. ఎండితే ముదురు గోధుమరంగుకు తిరిగే పూలు అప్పటికింకా సగమే ఎండి ఉన్నాయి. చెట్టు మీద ఎలా ఉంటాయో చూడాలని ఉందన్నాను.

"చెట్టు మీద ఏం జూస్తవ్ బిడ్డా? పడేటప్పుడు జూడాలె. పొద్దు పొడిచినంక వస్తే మేకలు తినంగ మిగిలినయే దొరుకుతయ్" అని, తమ ఊరు వెళ్ళే మలుపు చెప్పి దిగిపోయింది.

ఉట్నూరులో నాకు దొరికిన గది గురించి చెప్పకపోవడమే మేలు. 900 రూపాయలకు ఒక ఫ్యాను, దాని చప్పుడు, బకెట్టులో సగం నీళ్ళు వచ్చాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు రమ్మంటే ఆటో అబ్బాయి 400 అడిగాడు. నిద్ర మానుకుని వచ్చేవాడితో బేరమాడలేదు.

మేము చేరేసరికి ఇంకా చీకటే. చెట్ల కింద అప్పటికే ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఎవరి చెట్టు కింద వారు, ఎవరి గంప వారిది. ఆ పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, తొక్కకుండా నిలబడమని ఒక రాయి చూపించింది. కొమ్మల చివర గుత్తుగుత్తులుగా ఉన్న పూలు మసక వెలుగులో సరిగా కనిపించలేదు గాని, ఒక్కొక్కటే ఎండుటాకుల మీద పడే టప్ టప్ చప్పుడు నాలుగు దిక్కులా వినిపించింది. గాలి లేదు, ఎవరూ కొమ్మ ఊపలేదు. నా భుజం మీద పడిన పువ్వును తీసి చూస్తే తొక్క తీసిన పచ్చి ద్రాక్షలా పాలిపోయి, మెత్తగా, నిండుగా ఉంది. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనుక ఘాటు. రెండోది తినబోతే ఆవిడ మనుమరాలు నవ్వి, ఎక్కువ తింటే తల తిరుగుతుందని హెచ్చరించింది.

నేను అందుతున్న కొమ్మను వంచబోయేసరికి మాత్రం పెద్దావిడ గొంతు మారింది.

"కొయ్యద్దు. పువ్వు దానంతట అది పడితే కాయ కొమ్మకే ఉంటది. నువ్వు కోస్తే రెండూ పోతయ్."

ఆ మాటలోనే ఇప్పచెట్టు సంగతి మొత్తం ఉంది. రాత్రి పూట గబ్బిలాలు వచ్చి పుప్పొడి చేరవేసిన తరువాత, తీపి నిండిన రేకుల భాగం మాత్రమే తెల్లవారకముందు రాలిపోతుంది. పిందె కొమ్మనే నిలిచి, వానకాలం మొదలయ్యే నాటికి పండుతుంది, దాని గింజ నుంచి నూనె తీస్తారు. ఒకే చెట్టు నుంచి రెండు పంటలు తీసుకోవాలంటే మొదటి దానికోసం కాచుకుని కూర్చోవలసిందే. రాలిన పూలు బాగా కనిపించాలని చెట్టు కింది ఆకులకు నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది అడవికి అంటుకోవడమూ ఉంది. పక్క చెట్టు కింద నల్లని మచ్చ నేను చూశాను. ఈవిడ మాత్రం చీపురుతో ఊడ్చుకుంటుంది. ఎలుగుబంటికి కూడా ఈ పూలంటే ప్రాణమని, అందుకే చీకట్లో ఒంటరిగా ఎవరూ రారని ఆవిడ మామూలుగా చెప్పింది గాని, ఆ తరువాత నేను రాయి దిగి ఆటో దగ్గరకు జరిగిన మాట నిజం.

పూల విషయంలో నా అలవాటంతా దీనికి విరుద్ధం. హైదరాబాదులో మా మేడ మీద కుండీల్లో మల్లె, మందారం, రెండు గులాబీలు ఉన్నాయి. చలికాలంలో మల్లెకు నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తే గాని ఎండల మొదట్లో మొగ్గ తొడగదు. ఈ మోదుగులు, ఇప్పలు ఏ కత్తెరా లేకుండా చేసుకునే పనే మనం కుండీలో బలవంతంగా చేయిస్తాం. మొగ్గ కనిపించిందా, సాయంత్రానికి కోసేయాలి, లేకపోతే పక్కింటివారు కోస్తారు. చిన్నప్పుడు కరీంనగర్ దగ్గర మా ఊళ్ళో బతుకమ్మకు చీకటితో లేచి గునుగు, తంగేడు కోసుకురావడంలో ఎవరు ఎక్కువ తెస్తే వారు గొప్ప. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ హోదా వచ్చాక కూడా నగరంలో దసరా ముందు చిన్న కట్టకు యాభై రూపాయలు పెట్టి కొంటున్నాం. ఏ పువ్వు కిందనైనా అది పడేవరకు కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు.

పొద్దెక్కాక వాళ్ళ ఇంటికి వెళ్ళాం. పేడతో అలికిన వాకిట్లో ఆ ఉదయం పూలు పలచగా పరిచారు. మూడు నాలుగు రోజుల గట్టి ఎండ కావాలట, మబ్బు పడితే బూజు పట్టి ధర పోతుందట. కంచె పక్కన ఒక గులాబీ మొక్కను చూసి ఆశ్చర్యపోయాను. కోడలు సంతలో 70 రూపాయలకు కొని నాటిందట; వీధి చివరి బోరింగు నుంచి రోజూ బిందెతో నీళ్ళు మోసి పోస్తుందట. అంతా కలిపి ఒక్క పువ్వు పూసింది. అడవి నిండా పూలున్న ఊళ్ళో దీనికెందుకింత చాకిరీ అంటే, "అవి పనికొచ్చే పూలు సార్, ఇది చూసుకునేది" అంది. దాని ముందు నిలబడి ఫోటో కూడా తీయించుకుంది. ఇప్పచెట్టు కింద తీస్తానంటే మాత్రం వద్దంది.

డబ్బు తీసుకోకుండా పెద్దావిడ కిలో దాకా ఎండుపూలు కట్టి ఇచ్చింది. తిరుగు బస్సులో సంచి వాసనకు కండక్టరు నా దగ్గర ఆగి, ఇప్పసారా సీసా ఉంటే దిగిపొమ్మన్నాడు. మూట విప్పి చూపిస్తే నమ్మాడు గాని, వెనుక సీటులో ఇద్దరు ఆడవాళ్ళు పూలను చేతిలోకి తీసుకుని, ఇంకో ఎండ తగలాలని తేల్చారు. ఆ తరువాత గుడిహత్నూరు దాకా ఇప్పపూల లడ్డు ఎలా చేయాలన్న వాళ్ళ వాదమే నడిచింది: ముందు పూల మధ్య ఉండే కేసరాలు తీసేయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు, దోరగా వేయించాలన్న దగ్గరా తగువు లేదు, లడ్డుకు నువ్వులు చాలునని ఒకామె, పల్లీలు పడకపోతే ఉండ నిలవదని రెండో ఆమె. బెల్లం కొంచెమే వేయమని, పువ్వులో తీపి ఉందని కండక్టరు కూడా ఒక మాట కలిపాడు.