శివపురిలో బస, గంగలో 16 కిలోమీటర్ల రాఫ్టింగ్

మా నల్లగొండ జిల్లాలో పడవ ప్రయాణమంటే సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ. నీళ్ళు నిలకడగా ఉంటాయి, లాంచీ నిదానంగా సాగుతుంది. మహబూబ్‌నగర్ వైపు కృష్ణ ఒడ్డు వాళ్ళకు పుట్టి అలవాటు. తెడ్డు పుట్టివాడి చేతిలో ఉంటుంది, ఎక్కినవాళ్ళు కదలకుండా కూర్చుంటే చాలు. రిషికేశ్ దగ్గర గంగలో రబ్బరు తెప్ప ఎక్కేటప్పుడు ఈ రెండు అలవాట్లూ ఒడ్డునే వదిలెయ్యాలి. అక్కడ ఎక్కిన ప్రతి మనిషీ తెడ్డు వెయ్యాల్సిందే.

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజుకు పైనే పడుతుంది. అక్కడి నుంచి హరిద్వార్ దాకా రైలో, కశ్మీరీ గేట్ బస్సో. హరిద్వార్ నుంచి రిషికేశ్ పాతిక కిలోమీటర్లు. మేము ఎనిమిది మందిమి మార్చిలో వెళ్ళాం. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్ళు బూడిద రంగుకు తిరుగుతాయి, వడి పెరుగుతుంది. పైగా చార్‌ధామ్ బండ్లతో కొండ రోడ్డు గంటల కొద్దీ ఆగిపోతుంది. జులై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ పూర్తిగా బంద్.

ముందు ఏ దూరం తెప్పలో పోవాలో తేల్చుకోండి, బస సంగతి ఆ తర్వాత చూడండి. రిషికేశ్‌కు ఎగువన గంగ ఒడ్డున తెప్ప ఎక్కే చోట్లు నాలుగు: బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 25 దాకా, కౌడియాలా నుంచి 35కు పైనే. ఎంత పై నుంచి మొదలుపెడితే అలలు అంత గట్టివి. కౌడియాలా దారిలో 'ద వాల్' అనే చోట చాలామంది గైడ్లు మనుషుల్ని దింపి ఒడ్డున నడిపిస్తారు. మొదటిసారి పోయేవాళ్ళకు శివపురి సరిపోతుంది. అలవాటు లేనివాళ్ళను కౌడియాలా ఎక్కించే ఏజెంటు మాట వినకండి. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించరు.

శివపురి నుంచి దిగేవాళ్ళు ఆ రాత్రి శివపురి చుట్టుపక్కల క్యాంపులోనే ఉంటే పొద్దున రోడ్డు మీద టైం పోదు. అయితే ఇసుక తిన్నె మీద గుడారం ఫొటో చూసి డబ్బు కట్టకండి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా, రిషికేశ్ మధ్య గంగ ఒడ్డు క్యాంపుల్ని ఆపేయమంది. ఇప్పుడు మనం చూసేవాటిలో ఎక్కువ భాగం ఏరు దాటి, కొండ మీదకు ఎక్కి ఉంటాయి. ఫోన్‌లోనే మూడు సంగతులు అడగాలి: రోడ్డు నుంచి ఎంత నడవాలి, బాత్రూం గుడారంలోనే ఉందా, వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారా లేక గీజరా. మా క్యాంపు వాళ్ళు "పాంచ్ మినట్" అన్నారు. సామాను మోసుకుని ఎక్కితే ఇరవై నిమిషాలు పట్టింది. మార్చిలో కూడా తెల్లవారుజామున రెండు రగ్గులు కావాలి. రిషికేశ్‌లో మాంసం, మందు దొరకవు. క్యాంపులో అన్నం, పప్పు పెడతారు. పచ్చడి సీసా మాత్రం వెంట ఉండాలి.

పొద్దున పూరీలు కట్టిపెట్టి, రెండు గంటల ముందే తేలిగ్గా తినండి. నూలు బట్టలు తడిస్తే ఒంటికి అంటుకుని చలి లాగేస్తాయి, పాలిస్టర్ మేలు. చీర, చున్నీ వద్దు. చెప్పులైతే వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఉంగరాలు చన్నీళ్ళకు వేళ్ళు ముడుచుకుని జారిపోతాయి. పుస్తెలతాడు తీయలేనివాళ్ళు వేసుకున్న బట్ట లోపలికి వేసి పిన్ను పెట్టుకోవాలి. కళ్ళజోడుకు తాడు కట్టండి.

లైఫ్ జాకెట్ సరిగ్గా ఉందో లేదో చూసే పద్ధతి ఒకటే. బకిల్స్ అన్నీ బిగించాక, పక్కవాణ్ణి రెండు భుజాల పట్టీలు పట్టి పైకి లాగమనాలి. జాకెట్ చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టే. నీళ్ళలో పడ్డప్పుడు అది అలాగే లేచి ముఖం కప్పేస్తుంది. మాలో ఇద్దరికి అలాగే లేచింది, గైడ్ పక్క పట్టీలు లాగి బిగించాడు.

తెడ్డు పై కొసన టీ ఆకారంలో పిడి ఉంటుంది. అరచేయి దాని మీద నుంచి ఎప్పుడూ తీయకూడదు. వదిలితే అది పక్కవాడి పళ్ళకు తగులుతుంది, ఈ ప్రయాణంలో ఎక్కువగా అయ్యే దెబ్బల్లో అదొకటి. ఒక కాలి ముందు భాగాన్ని తెప్ప అడుగున ఉన్న జేబులోకో, అడ్డంగా ఉన్న గాలి దిండు కిందకో దూర్చాలి.

శివపురి దాటాక 'రోలర్ కోస్టర్', ఆ తర్వాత 'గోల్ఫ్ కోర్స్' అని పేర్లు పెట్టిన పెద్ద అలల చోట్లు వస్తాయి. అల మీద పడగానే అందరికీ తెడ్డు ఎత్తి తెప్ప అంచున ఉన్న తాడు పట్టుకోవాలనిపిస్తుంది. అక్కడే చెడుతుంది. తెప్ప నీటి వేగంతోనే పోతుంటే వెనక గైడ్ ఎంత తిప్పినా మాట వినదు. నీటికంటే కొంచెం వేగంగా పోతేనే అది తిరుగుతుంది, ఆ వేగం మన తెడ్ల నుంచే రావాలి. అందరూ ఆపేస్తే తెప్ప అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల పక్క నుంచి ఎత్తి బోర్లేస్తుంది. గైడ్ "ఫార్వర్డ్" అంటే ఎదురుగా ఏమున్నా లాగుతూనే ఉండాలి. నీళ్ళలో గుచ్చిన తెడ్డు మనిషికి ఆనుకోలుగా కూడా పనికొస్తుంది. "గెట్ డౌన్" అన్నప్పుడే లోపలికి కూర్చుని తాడు పట్టాలి.

జారి పడితే వెల్లకిలా తిరిగి, కాలివేళ్ళు నీటి పైకి కనబడేలా, పాదాలు పారే దిక్కుకు పెట్టాలి. మొలలోతే ఉందని నిలబడకండి. పాదం రెండు గుండ్ల మధ్య ఇరికితే వడి మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. గైడ్ సంచిలో పెట్టిన తాడు విసిరితే సంచిని వదిలి తాడునే పట్టుకుని, భుజం మీదుగా వేసుకుని ఒడ్డువైపు వీపు తిప్పాలి. చేతికి చుట్టుకోకూడదు. మొదటి అర నిమిషం చన్నీళ్ళకు ఊపిరి ఆడదు, నోరు మూసుకుని ఓపిక పడితే సర్దుకుంటుంది.

నడుమ మ్యాగీ దుకాణాల దగ్గర ఆపి బండ మీద నుంచి దూకమంటారు. ఈత రానివాళ్ళు దూకొద్దు. వచ్చినవాళ్ళు కూడా కాళ్ళు దగ్గరపెట్టి నిటారుగానే దూకాలి. నీమ్ బీచ్ దగ్గర దిగాక మెట్లెక్కి రోడ్డు మీదికి రావాలి. పొడి బట్టలు క్యాంపులో కాకుండా జీపులో పెట్టుకున్నవాళ్ళు అక్కడే మార్చుకుంటారు. మిగతావాళ్ళం తడి బట్టలతో, జీపు మీద గాలి తీసిన తెప్పలతో పాటు, శివపురి దాకా వణుకుతూ వెళ్ళాం.