పీ విలువల గడులు ఖాళీగా వస్తే: హాఫ్ నార్మల్ ప్లాట్‌తో నా అనుభవం

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టికలో 15 ఎఫెక్టులూ వరసగా ఉన్నాయి. పక్కన పీ విలువలు, అంటే అంత తేడా ఉత్త యాదృచ్ఛికంగా కూడా వచ్చే అవకాశం ఎంతో చెప్పే సంఖ్యలు, రావాల్సిన గడులు మాత్రం ఖాళీ. ప్రోగ్రాంలో లోపమేమీ లేదు, మా ప్రయోగమే అలాంటిది.

రెండు ప్లాస్టిక్ ముక్కల్ని అతికించే జిగురు మీద పని చేస్తున్నాం. అతుకు ఊడడానికి ఎంత బలం కావాలో న్యూటన్లలో కొలుస్తాం. ఫ్యాక్టర్లు నాలుగు: ఓవెన్ ఉష్ణోగ్రత, ఓవెన్‌లో ఉంచే సమయం, ముక్కల్ని నొక్కిపట్టే ఒత్తిడి, ముందుగా శాండ్‌పేపర్‌తో రుద్దడం. ఒక్కోదానికి తక్కువ, ఎక్కువ అని రెండే స్థాయిలు. అన్ని కలయికలూ కలిపి 16 రన్‌లు. చేతిలో ఉన్న సామగ్రి అంతవరకే వస్తుంది కాబట్టి ఏ రన్‌నీ రెండోసారి చేసే వీలు లేదు.

16 కొలతల్లో ఒకటి సగటు లెక్కకు పోతుంది. మిగిలిన 15లో నాలుగు ఫ్యాక్టర్ల సొంత ఎఫెక్టులు 4, రెండేసి ఫ్యాక్టర్ల ఇంటరాక్షన్లు (ఒకదాని ప్రభావం ఇంకోదాని స్థాయిని బట్టి మారడం) 6, మూడేసివి 4, నాలుగూ కలిపి 1. లెక్క అక్కడికి సరి. ఎర్రర్‌ని, అంటే ఏదీ మార్చకపోయినా కొలతల్లో వచ్చే హెచ్చుతగ్గుల్ని, అంచనా వేయడానికి ఏమీ మిగల్లేదు. ఎర్రర్ ఎంతో తెలియనప్పుడు 20 న్యూటన్ల తేడా పెద్దదో చిన్నదో ఏ పరీక్షా చెప్పలేదు. రిపోర్ట్ గడువు దగ్గర పడుతుంటే ఆ ఖాళీ గడులు చూసి టెన్షన్ పడని వాళ్లుండరు.

ఈ చిక్కుకు గణాంక శాస్త్రవేత్త కత్‌బర్ట్ డేనియల్ 1959లో టెక్నోమెట్రిక్స్ పత్రికలో ఒక దారి చూపించాడు. ఒక ఫ్యాక్టర్ ఎఫెక్ట్ అంటే అది ఎక్కువగా ఉన్న 8 రన్‌ల సగటులోంచి తక్కువగా ఉన్న 8 రన్‌ల సగటు తీసేయడమే. నిజంగా ఏ ఫ్యాక్టరూ పనిచేయకపోతే ఈ 15 తేడాలూ ఉత్త నాయిసే. సున్నా చుట్టూ, ఒకే వ్యాప్తితో, దాదాపు నార్మల్‌గా, అంటే గంట ఆకారపు వక్రంలా, పరుచుకోవాలి. ప్లస్, మైనస్ గుర్తు తీసేసి పరిమాణం మాత్రమే ఉంచితే నార్మల్ వక్రంలో కుడి సగం మిగులుతుంది. అందుకే హాఫ్ నార్మల్. చాలా ప్రయోగాల్లో గట్టిగా పనిచేసే ఎఫెక్టులు కొన్నే ఉంటాయి గనక, మిగతా చిన్నవాటినే ఎర్రర్‌కి కొలబద్దగా వాడుకోవచ్చు. ఇదే ఇందులోని కిటుకు.

సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో ప్లాట్ గీసిస్తుంది. అయినా నేను ముందు స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో వేశాను. అలా చేస్తే తప్ప అక్షాల మీద ఏముందో బుర్రకెక్కదు. గుర్తులు తీసేసి చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చాను: 0.4, 0.7, 1.1, 1.3, 1.6, 1.9, 2.2, 2.4, 2.9, 3.1, 3.8, 6.9, 11.8, 14.2, 20.5. వరసలో ఒక్కో స్థానానికి హాఫ్ నార్మల్ స్కోరు కావాలి. స్థానం సంఖ్యలోంచి అర తీసేసి 15తో భాగించాలి, వచ్చినదాంట్లో సగానికి 0.5 కలపాలి, దానికి సరిపడే నార్మల్ విలువ చూడాలి. ఎనిమిదో స్థానానికి 0.67, చివరిదానికి 2.13 వచ్చాయి. అడ్డంగా ఎఫెక్ట్ పరిమాణం, నిలువుగా ఈ స్కోరు.

చుక్కలు పెట్టగానే మొదటి 11 సున్నా దగ్గర బయల్దేరి దాదాపు ఒకే గీతలో నడిచాయి. పై మూడూ కుడివైపు దూరంగా విసిరేసినట్టు పడ్డాయి: ఉష్ణోగ్రత 20.5, ఉష్ణోగ్రతకీ సమయానికీ మధ్య ఇంటరాక్షన్ 14.2, సమయం 11.8. మధ్యలో 6.9, అది ఒత్తిడి.

గీత సంగతి ఒకటి చెప్పాలి. దాన్ని 15 చుక్కలకీ కలిపి రిగ్రెషన్‌తో వేయకూడదు. పెద్ద చుక్కలు గీతను తమవైపు లాక్కుంటాయి, చివరికి అన్నీ మామూలుగానే కనిపిస్తాయి. సున్నా నుంచి మొదలుపెట్టి చిన్న చుక్కల గుంపు మీదుగా మాత్రమే గీయాలి.

ఇంకొకటి, ఆ చిన్న చుక్కలు సున్నా దగ్గర మొదలయ్యాయో లేదో చూడడం. ఒక్క రన్‌లో కొలత 24 న్యూటన్లు తప్పు పడిందనుకుందాం. ప్రతి ఎఫెక్ట్‌లోనూ ఆ కొలత ఎనిమిదో వంతుగా ఉంటుంది కాబట్టి 15 ఎఫెక్టులూ తలా 3 పైకో కిందకో జరుగుతాయి. అప్పుడు సున్నా దగ్గర ఖాళీ ఏర్పడి, చిన్న చుక్కలు 3 దగ్గర గుమిగూడతాయి. మాది 0.4 దగ్గర మొదలైంది గనక ఆ బెంగ తీరింది. ఇలాంటివి పట్టుకోవడానికి గుర్తులు ఉంచిన పూర్తి నార్మల్ ప్లాటే మేలని డేనియల్ కూడా తర్వాతి కాలంలో అటే మొగ్గాడు. నాకైతే హాఫ్ నార్మలే ఇష్టం. ఏ స్థాయిని ఎక్కువ అంటామో అది మన ఇష్టం, ఆ పేరు మారిస్తే గుర్తు తిరగబడుతుంది. శాండ్‌పేపర్ రుద్దడాన్ని ఎక్కువ అన్నా, రుద్దకపోవడాన్ని ఎక్కువ అన్నా ఈ బొమ్మ మారదు.

అసలు తలనొప్పి ఒత్తిడితోనే. గీత ప్రకారం ఆ స్థానంలో 4.2 చుట్టుపక్కల ఉండాలి, కనిపిస్తున్నది 6.9. టీమ్‌లో ఒకరు "పక్కకి పోయింది కదా, నిజమైన ఎఫెక్టేనని రాసేద్దాం" అన్నారు. ఒత్తిడి ఎక్కువ పెట్టాలంటే క్లాంపులు మార్చాలి, అది ఖర్చుతో కూడిన పని. అందుకే నేను పై మూడింటినీ పక్కనపెట్టి మిగిలిన 12తో ప్లాట్ మళ్లీ వేశాను. చాలామంది ఈ పని చేయరు. 15లో పన్నెండోదిగా ఉన్నప్పుడు ఒత్తిడి స్కోరు 1.19. 12లో చివరిదైతే 2.04. నిజమైన ఎఫెక్టులు పై స్థానాలు ఆక్రమించినంతసేపూ వాటి కింద ఉన్నది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. రెండో ప్లాట్‌లో గీత ఒత్తిడికి ఇచ్చిన విలువ 6 దాకా పెరిగింది, 6.9 దాని పక్కనే వచ్చి నిలబడింది.

కంటిచూపుతో తేల్చిన దాన్ని రిపోర్ట్‌లో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి గణాంక శాస్త్రవేత్త రస్సెల్ లెంత్ 1989లో ఇచ్చిన లెక్క కూడా వేశాను. 15 పరిమాణాల మధ్య విలువ 2.4, దాన్ని 1.5తో గుణిస్తే 3.6. దానికి రెండున్నర రెట్లు 9. ఆ 9 దాటిన మూడూ తీసేస్తే మిగిలినవాటి మధ్య విలువ 2.05, మళ్లీ 1.5తో గుణిస్తే 3.08. ఇది ఎర్రర్ అంచనా. 15లో మూడో వంతు, అంటే 5 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (ఎర్రర్ అంచనా వెనక ఎంత సమాచారం ఉందో చెప్పే సంఖ్య) టీ పట్టికలోని విలువ 2.571. ఎర్రర్ అంచనాని దానితో గుణిస్తే, నిజమైన ఎఫెక్ట్ అనడానికి దాటాల్సిన హద్దు 7.9 దగ్గర తేలింది. ఒత్తిడి దాని లోపలే ఉండిపోయింది.

ఇదంతా నిలబడాలంటే 15 ఎఫెక్టులకీ ఒకే ఎర్రర్ ఉండాలి. అందుకే రన్‌లను పూర్తిగా చిందరవందర వరసలో చేశాం, ఓవెన్ చల్లారేదాకా విసుగొచ్చేలా కూర్చోవాల్సి వచ్చినా సరే. వేడి రన్‌లన్నీ ఒకే బ్యాచ్‌లో పెట్టేసి ఉంటే ఉష్ణోగ్రతకి ఒక ఎర్రర్, మిగతావాటికి మరొకటి వచ్చేవి. అన్నిటినీ ఒకే ప్లాట్ మీద పెట్టడానికి కుదిరేది కాదు.

ఇంటరాక్షన్ మాత్రం బంగారం. దాని గుర్తు మైనస్. సమయం ఎఫెక్ట్ 11.8కి 14.2 కలిపితే తక్కువ ఉష్ణోగ్రతలో సమయం పెంచడం వల్ల వచ్చే లాభం 26 న్యూటన్లు. ఎక్కువ ఉష్ణోగ్రతలో అదే తీసివేస్తే మైనస్ 2.4, అంటే నాయిసే. వేడి పెంచితే ఎక్కువసేపు ఉంచడం దండగన్నమాట. సమయం సొంత ఎఫెక్ట్ ఒక్కటే చూసి ఉంటే రెండూ పెంచమని రాసేవాళ్లం.

ఎక్కువ ఉష్ణోగ్రత, తక్కువ సమయం దగ్గర నిలిపి, ఒత్తిడి మాత్రం మార్చుతూ కొన్ని అదనపు రన్‌లకి అనుమతి తెచ్చుకున్నాం. ఒకే సెట్టింగ్‌లో రన్‌కీ రన్‌కీ వచ్చిన తేడాల కన్నా ఒత్తిడి తెచ్చిన తేడా చిన్నదిగా వచ్చింది. క్లాంపులు పాతవే ఉంచాం.