తొమ్మిదో ఫొటో

మన శిక్షణ కేంద్రం సంచికకు ఏదైనా రాయమనగానే నాకు మొదట గుర్తొచ్చింది లాండ్రీలో మడతపెట్టిన తెల్ల దుప్పటి.

నా ఎడమచెయ్యి పుట్టినప్పటి నుంచీ బిగుసుకునే ఉంటుంది. 19 ఏళ్లు వచ్చేదాకా ఇంట్లో నాకు ఏ పనీ చెప్పలేదు, ప్రేమతోనే. వికలాంగులకు ఉద్యోగంలో పనులు నేర్పే శిక్షణలో చేరిన రెండో వారమే మమ్మల్ని నేరుగా ఆసుపత్రి లాండ్రీకి తీసుకెళ్లారు. ఆ తర్వాత స్టోర్, ఆపైన రికార్డుల గది. 1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ అనే వికలాంగుల ఉద్యోగ శిక్షణ కార్యక్రమం కూడా ఇలాగే, పని జరిగే చోటే పని నేర్పుతుందని తర్వాత తెలిసింది.

దుప్పటి మడతను మాకు నేర్పే మేడమ్ 14 అంచెలుగా విడదీసి, అంచెకో ఫొటో గోడకు అంటించారు. నేర్పడం మాత్రం చివరి నుంచి. 13 అంచెలు ఆవిడ చేసి, ఆఖరి మడత నాకు వదిలేవారు. దాంతో మొదటిరోజే దుప్పటి నా చేతిలో పూర్తయింది! తర్వాత ఆఖరి రెండు, ఆపైన మూడు. మొదట్లో నా చెయ్యి పట్టుకుని చేయించేవారు. కొన్నాళ్లకు మోచేతి మీద వేలు మాత్రం ఆనించేవారు. ఆ తర్వాత ఫొటో వైపు చూపించేవారు, అంతే.

టేబుల్ అంచుకు ఒక క్లిప్పు బిగించారు. నా ఎడమచెయ్యి పట్టుకోలేని మూలను అది పట్టుకునేది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో, ఉద్యోగం గురించి చెప్పే 27వ అధికరణలో, పనిచోట తగిన సర్దుబాటు చెయ్యాలని ఉంది. అది చదివినప్పుడు నాకు ఆ క్లిప్పే కళ్లముందు మెదిలింది.

మొదటిసారి మొత్తం నేనే చేసిన రోజు తొమ్మిదో అంచె దగ్గర ఆగిపోయాను. దుప్పటి తిప్పి, క్లిప్పు రెండో మూలకు మార్చాలి. చెమటలు పట్టేశాయి. మేడమ్ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. నోరు విప్పలేదు, ముందుకు రాలేదు. నా జీవితంలో అప్పటిదాకా నాకోసం అంతసేపు ఎవరూ ఆగలేదు. చివరికి మార్చాను.

తర్వాత ఒకచోట ఇంటర్వ్యూలో నా చెయ్యి చూసి రెండే ప్రశ్నలతో పంపేశారు. ఇంకోచోట ట్రైనింగ్ వాళ్లే మాట్లాడి, ప్రశ్నల బదులు ఒక పూట పని ఇచ్చి చూడమన్నారు. క్లిప్పు జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆరేళ్లుగా అక్కడే ఉన్నాను.

మా దగ్గర కొత్తగా ఒకమ్మాయి చేరింది. ఆమెకోసం ఆ ఫొటోలు మళ్లీ తీస్తున్నాను. తొమ్మిదోది ఎంత తీసినా సరిగ్గా రావట్లేదు. మన బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా పాతది ఉంటే పంపండి.